సున్నపు గట్టు మీద ఒక పూట

మొన్న ఉడికించిన శనక్కాయలు పొట్లం కట్టి ఇచ్చిన పేపరు ముక్కను విప్పి చదివాను. తడికి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. మిగిలినవి కూడబలుక్కుంటే, అగ్నిపర్వతాలు చూడబోయే యాత్రికుల్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో అందులో రాశారని తెలిసింది. గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకుని ఆ వైపే ఉండాలట. విషపు గాలి కిందికి దిగి నిలుస్తుంది కాబట్టి పల్లంలో కూర్చోకూడదట. మందు ఎప్పుడూ చేతికి అందేచోట ఉండాలట. పొగ కమ్ముకుంటే తడిగుడ్డ ముక్కుకు కట్టుకోవాలట.

ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతట అదే పై పెదవి మీదికి పోయింది. అక్కడ ఇప్పటికీ గోరంత మేర చర్మం తెల్లగా ఉంటుంది.

నేను అగ్నిపర్వతం చూడలేదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకునేదాకా ఆ మాట చదవనూ లేదు. కానీ ఆ ముక్కలో రాసినవన్నీ చదువు రాని రోజుల్లోనే, ఒక్క పూటలో, నా ఒంటిమీదికి వచ్చాయి. వాటిలో ఒకటి మాత్రం మా దగ్గర తలకిందులు.

మా ఊరు సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉంటుంది. చేపలు, రొయ్యలు పట్టి బతికే ఊరు. నేను చెప్పేది శ్రీహరికోటలో రాకెట్ల మాట ఇంకా ఎవరూ ఎత్తని రోజుల సంగతి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. మేనమామ కొడుక్కే ఇచ్చారు కాబట్టి పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే వీధి.

మా అమ్మ పోయింది ఉబ్బసంతోనే. నాకు పదకొండు, చెల్లెలికి ఆరు. ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, నోరు తెరిచి, ఎవరినో పిలవబోయినట్టు కుడిచెయ్యి పైకెత్తింది. పిలుపు రాలేదు. చెయ్యి కాసేపు అట్లాగే ఉండి ఒళ్ళో పడింది. ఏడాది తిరగకముందే ఆ జబ్బు నాకూ వచ్చింది. అప్పటినుంచి ఆయాసం ఎత్తుకున్న ప్రతిసారీ నాకు కనబడేది ఆ చెయ్యే. ఊపిరి అందకపోవడం ఒక బాధ. అది అందకుండానే పోతుందేమోనన్న భయం ఇంకొకటి. రెండోదే నన్ను ఎక్కువ తినేసింది.

ఆయాసం వచ్చినప్పుడు నేను పడుకోలేను. చాప చుట్టి ఒళ్ళో నిలబెట్టుకుని, దాని మీదికి ఒరిగి కూర్చునేదాన్ని. అట్లా గంటలకొద్దీ కూర్చుంటే నడుము నిలవదు. మా చెల్లెలు వచ్చి నా వెనక కూర్చుని, తన వీపు నా వీపుకు ఆనించేది. ఎవరూ నేర్పలేదు. ఆరేళ్ళ పిల్లప్పుడే మొదలుపెట్టింది. పెళ్ళై పోయేదాకా, ఎన్ని ముసుర్లు పట్టాయో అన్ని ముసుర్లలోనూ నాకు వెనక గోడ అదే.

దాన్ని ఇచ్చింది సున్నపు గట్టుకు.

సరస్సుకు అవతల, సముద్రానికి ఇవతల, సన్నటి ఇసుక గట్టు ఒకటి ఉంది. సరస్సు అడుగు బురదలో చచ్చిన గుల్లలు మేటలు మేటలుగా ఉంటాయి. ఆ గట్టువాళ్ళు వాటిని తవ్వి, కడిగి, కట్టెలతోపాటు వరస వరసగా బట్టీలో పేర్చి కాలుస్తారు. కాలిన గుల్ల చూడటానికి గుల్లలాగే ఉంటుంది. దానిమీద నీళ్ళు చల్లితే మాత్రం బుసకొట్టి, ఆవిర్లు కక్కి, పిండిగా రాలిపోతుంది. మద్రాసు మేడలకు పడవల్లో పోయే సున్నం అదే. మా ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళకు అవతల ఎప్పుడూ బూడిదరంగు మబ్బు ఒకటి కదలకుండా ఉండేది. అక్కడ నిప్పుల కొండ ఉందని చిన్నప్పుడు మేము చెప్పుకునేవాళ్ళం. పెద్దయ్యాక కొండ లేదని తెలిసింది. భయం మాత్రం పోలేదు. చెల్లెలి పెళ్ళై రెండేళ్ళయినా నేను ఆ గట్టు మీద కాలు పెట్టలేదు. పండక్కో పబ్బానికో అదే వచ్చి పోయేది.

అటువంటిది, దానికి ఏడో నెల నడుస్తోందని ఒక పడవవాడు కబురు తెచ్చాడు. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో తీసుకుని రావాలి. ఎనిమిదో నెల వస్తే కడుపుతో ఉన్న మనిషిని ఇల్లు కదిలించరు. ఏడో నెల వెళ్ళిపోవడానికి ఇంకా పది రోజులే ఉంది. ఈ పది రోజుల్లో తేకపోతే దాని కానుపు ఆ పొగలోనే. అంతకుముందు ఏడాది ఆ గట్టు మీద పుట్టిన ఒక బిడ్డ నెల తిరక్కుండానే దగ్గి దగ్గి పోయిందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. మా ఇంటి రక్తంలో ఉబ్బసం ఉంది. పుట్టబోయే బిడ్డకు అది రాదని ఎవరు చెప్పగలరు?

"నేనొక్కడినే పోయి తెస్తాలే" అన్నాడు నాయన.

పడవవాడు తల అడ్డంగా ఊపాడు. "మీ వియ్యపురాలు ముందే చెప్పి పంపించింది పెద్దన్నా. మొగోడు ఒంటిగా వస్తే పంపించదంట. తల్లి లేకపోతే తల్లి వరసయినా రావాలంట, ఒడి నింపాలంట."

తల్లి వరస అంటే మా ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయన ఆ నెల కావలి పక్క వలలకు పోయి ఉన్నాడు. నాయన నా మొహం చూడలేదు. బాగానే ఉన్న వల ముడి ఒకటి పట్టుకుని విప్పుతూ కూర్చున్నాడు.

"పోదాం నాయనా" అన్నాను.

మరునాడు సూళ్లూరుపేట ఆసుపత్రికి పోయి కాంపౌండరును అడిగితే రెండు బిళ్ళలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. "రెండే ఉండాయి. ఆయాసం ఎక్కువైతే ఒకటి ఏసుకో. ఇంకా ఎక్కువైతే రెండోది."

"దానికంటే ఇంకా ఎక్కువైతే సార్?"

"అప్పుడు ఈడికి రా" అని నవ్వాడు. ఆయన తమాషాకే అన్నాడు. నాకు మాత్రం ఆ గట్టుకూ ఆ ఆసుపత్రికీ మధ్య ఉన్న నీళ్ళన్నీ కళ్ళ ముందు కనిపించాయి.

బుధవారం తెల్లారి బయలుదేరాం. చలిమిడి, కొత్త చీర, గాజులు, బియ్యం ఒక మూట. నా చాప ఒకటి. బిళ్ళలు కొంగు చివర ముడేసి, ముడిని నడుముకు దోపుకున్నాను. అడుగడుగునా దాన్ని తడుముకుంటూనే ఉన్నాను.

నాయన తెరచాప ఎత్తి, గెడ ఆనించి కూర్చుని చెప్పాడు: "ఇను. పొద్దున పూట గాలి పడమట నించి కొడతాది. పొగంతా సముద్రం మీదకి పోతాది. రేవు, గుడిసెలు మనపక్కనే ఉండాయి గాబట్టి నీకేం కాదు. పొద్దు తిరిగినాక గాలి మళ్ళుతాది. అప్పుడు సముద్రం నించి కొడతాది, పొగంతా గుడిసెల మీద, రేవు మీద పడతాది. గాలి మళ్ళకముందే బిడ్డని ఎక్కించుకుని నీళ్ళ మీదకి వచ్చేయాల. ఆడ కూర్చుని కతలు చెప్పబాక."

"నేనేం కతలు చెప్తా నాయనా. ఒడి నింపేదీ వచ్చేదీ."

"మీ అమ్మ గూడా అట్టనే అనేది" అన్నాడు నాయన. ఇద్దరం నవ్వాం. ఆ రోజు మేము నవ్వింది అదొక్కసారే.

గట్టు దగ్గరపడేకొద్దీ ఆ మబ్బు విడివిడి పొగలుగా చీలింది. ఆరు బట్టీలు, నిలువెత్తు గుండ్రటి మట్టి గోడలు. నాలుగింటి నోళ్ళలోంచి పొగ లావుగా లేచి, పైన వంగి, సముద్రం వైపు పోతోంది. అయిదోది చల్లారి ఉంది. ఆరోదాని నోట్లో పొగ లేదు, ఎర్రగా ఉంది. నీళ్ళ మీద ఉండగానే వేడి మొహానికి తగిలింది. కాలు పెట్టిన నేల తెల్లగా ఉంది. పచ్చటిది ఒక గడ్డిపోచ లేదు. మనుషుల రెప్పలు, కనుబొమలు తెల్లగా, మొహాలు మాత్రం నూనెతో నిగనిగలాడుతూ ఉన్నాయి. ప్రతి గుడిసె వాకిట్లోనూ ఒక ఆముదం బుడ్డి వేలాడుతోంది. తలకు రాసుకోవడానికేమో అనుకున్నాను.

చెల్లెలు వాకిట్లోనే ఎదురుచూస్తోంది. పొట్ట ముందుకొచ్చి, బుగ్గలు లోపలికి పోయి ఉంది. నన్ను చూడగానే నవ్వింది. నవ్వు చివర చిన్న దగ్గు వచ్చింది. ఆ దగ్గు విన్నాక, ఎట్లాగైనా ఈ పూటే దీన్ని తీసుకుని పోవాలని గట్టిగా అనుకున్నాను.

దాని అత్త బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. "ఏమ్మే, రెండేండ్లకి దోవ కనబడిందా నీకు? మా గట్టు అంటే అంత రోత?" అంటూనే ఆముదం బుడ్డి దించి నా ముందు పెట్టింది. "మొగానికి, చేతులకి పూసుకో ముందు."

శుభమా అని ఒడి నింపడానికి వచ్చి, మొహానికి ఆముదం పూసుకోవడమా? మా వైపు బయలుదేరేటప్పుడు నూనె ఎదురొస్తేనే వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కుంటాం. పైగా ఆ వాసన నాకు పడదు. "వద్దులే అత్తా, ఒక్క గడియే గదా" అన్నాను.

"గడియ గూడా గడియే" అని ఆమె గొణిగింది గానీ, బలవంతం చెయ్యలేదు. వచ్చిన ముత్తైదువ మాట కాదనకూడదని ఊరుకుందని తర్వాత తెలిసింది.

చలిమిడి పెట్టాను. గాజులు తొడిగాను. ఒడిలో బియ్యం పోశాను. గాలి పడమటిదే. ఊపిరి బాగానే ఆడుతోంది. అంతా అయ్యేసరికి నాయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇంక లేపండమ్మా బిడ్డని. పోదాం."

మా చెల్లెలి అత్త బయటికి వచ్చి తన నీడ చూసుకుంది. నీడ కాళ్ళ కిందికి వచ్చేసింది. "ఇప్పుడెట్టా పోతారన్నా? బుధవారం మిట్టమధ్యాన్నం రాహుకాలం. అది పోయినాక కదలండి."

"రాహువు పోయేసరికి గాలి వస్తాదమ్మా."

"గాలి దినామూ వచ్చేదే గదన్నా. రాహువు కడుపులో బిడ్డకి తగిలితే ఎవురు దిక్కు? పుట్టింటోళ్ళు తీసుకబోయి పోగొట్టినారని రేపు నా కొడుకు అంటే నువ్వు జవాబు చెప్తావా?"

నాయన నా వైపు చూశాడు. నేను అవునంటే ఆయన లేపుకుని పోయేవాడే. తప్పంతా ఆమె మీద వేయడానికి లేదు. నాకూ భయమే, రాహువన్నా భయమే, పొగన్నా భయమే. పొగ నా ఒక్కదానికి, రాహువు ఇద్దరికి. "ఉందాంలే నాయనా, ఎంతసేపు" అన్నాను.

నాయన రేవుకు పోయి నావలో కూర్చున్నాడు.

గాలి మళ్ళడం అందరికంటే ముందు నా రొమ్ముకే తెలిసింది. లోపల ఎక్కడో సన్నగా ఈల మొదలైంది. తల ఎత్తి చూస్తే దండెం మీద ఆరేసిన పంచె ఇందాకటిదాకా తూర్పుకు ఎగిరేది, ఇప్పుడు ఊరికే వేలాడుతోంది. చూస్తూ ఉండగానే అది పడమటికి లేచింది. బట్టీల మీద వంగి ఉన్న పొగ నిటారుగా నిలబడింది. ఆ తర్వాత, నిద్రలో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దొర్లిన మనిషిలాగా, నెమ్మదిగా మా మీదికి దొర్లింది.

గుడిసెలో వెలుతురు పసుపురంగుకు తిరిగింది. కుళ్ళిన గుల్లల వాసన, కట్టె పొగ, వాటి వెనక గొంతును గీరే ఇంకేదో. నేను గబుక్కున నేలమీదికి దిగి, మొహం మోకాళ్ళలో దాచుకున్నాను. మా ఇంట్లో పొయ్యి పొగకు అట్లాగే చేస్తాం, కింద పొగ తక్కువ ఉంటుందని.

చెల్లెలు నా రెట్ట పట్టి లాగింది. "కింద కూర్చోబాక అక్కా! ఈడ కింద గాలే చెడ్డది. నిరుడు బట్టీ పక్కన వెచ్చగా ఉండాదని ఒకాయన పండుకున్నాడు, తెల్లారి లేవలా. లెయ్యి."

లేచి నిలబడ్డాను. ఈల పెద్దదైంది. చెల్లెలు దాన్ని వింటూ నా మొహమే చూస్తోంది. అత్త వైపు తిరిగింది. "అత్తా, ఇంక చాలు. అక్క ఈల ఏస్తా ఉండాది."

"ఇంకొంచేపే మే. అయిపోవస్తా ఉండాది."

"రాహువుకి నేను చెప్పుకుంటాలే!" అంది చెల్లెలు. రెండేళ్ళ కోడలు అత్తతో అట్లా అనడం నేను అప్పుడే విన్నాను. అత్త నన్ను చూసింది. బుడ్డిలోంచి ఇంత ఆముదం చేత్తో తీసి కోడలి బుగ్గలకు, చేతులకు పూసింది. నాకు పూయబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. నాకు కావలసింది నూనె కాదు, గాలి. అప్పటికి నాకు మాట రావడం లేదు.

చెల్లెలి మొగుడు, మా మరిది, మూట నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. చెల్లెలు అతని వెనక. నేను చాప చంకన పెట్టుకుని చివర. వాకిట్లో నీళ్ళ కుండ కనబడింది. మా ఊళ్ళో గుడిసె అంటుకున్నప్పుడు మగవాళ్ళు తువ్వాలు తడిపి మొహానికి చుట్టుకుని లోపలికి దూకడం నేను చూశాను. పొగకు తడిగుడ్డ కంటే మందు లేదని మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. కొంగు మొత్తం కుండలో ముంచి, పిండకుండానే ముక్కుకు, నోటికి చుట్టి వెనక ముడేసుకున్నాను. చల్లగా హాయిగా అనిపించింది.

గుడిసెల నుంచి రేవుకు పోయే దారి అయిదో బట్టీ పక్కనుంచే పోతుంది. అక్కడ చల్లారిన గుల్లను కుప్ప పోసి, ఇద్దరు మనుషులు బానలతో నీళ్ళు చల్లుతున్నారు. కుప్ప లోపలినుంచి పాములు బుసకొట్టినట్టు శబ్దం వస్తోంది. గుల్లలు పగిలి ఎగిరిపడుతున్నాయి. తెల్లటి ఆవిరి, ఆ ఆవిరిలో పిండిలాంటి దుమ్ము, సముద్రపు గాలికి దారికి అడ్డంగా గోడలాగా కొట్టుకొస్తోంది. మరిది దాంట్లోకి పోయాడు, కనబడలేదు. చెల్లెలు పోయింది, కనబడలేదు. నేను కళ్ళు మూసుకుని వాళ్ళ వెనకే దూరాను.

పది అడుగులు వేసి ఉంటాను. పెదవుల మీద వెచ్చగా తగిలింది. అది చురుకైంది. ఆ తర్వాత ఎవరో కాల్చిన అట్లకాడ తెచ్చి నా మూతికి ఆనించి, తియ్యకుండా పట్టుకున్నట్టు అయింది. ఏం జరుగుతోందో తెలియలేదు. బట్టీ అంటుకుని మంట నా మొహం మీదికే వచ్చిందనుకున్నాను. గుడ్డను ఇంకా గట్టిగా అదుముకున్నాను. అరవడానికి ఊపిరి లేదు. అమ్మ కూడా ఇట్లాగే పిలవలేకపోయిందని అప్పుడు అర్థమైంది.

నా అడుగుల చప్పుడు వెనక లేదని చెల్లెలు తిరిగి వచ్చింది. ఏడో నెల కడుపు పట్టుకుని, ఆ తెల్లటి గోడలోకి మళ్ళీ దూరి వచ్చింది. నన్ను చూడగానే కేక పెట్టింది.

"తడి కట్టినావా! నీ బుద్ధి మండా, తడి కట్టినావా! తీ, తీ!"

నేను తియ్యను. అది కొంగు పట్టి లాగింది. నేను వదలను. చివరికి నా చెయ్యి కొరికి మరీ లాగేసింది. కొంగు మీద తెల్లటి అట్ట కట్టి, అందులోంచి సన్నటి ఆవిరి లేస్తోంది. కాలిన గుల్ల పొడి తడి తగిలితే చాలు ఉడుకుతుంది. కుప్ప మీద అయినా, గుడ్డ మీద అయినా, మనిషి మూతి మీద అయినా దానికి ఒకటే. గట్టు మీద నడవడం నేర్చిన పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. ఒంటికి నూనె, నోటికి పొడిగుడ్డ. నీళ్ళు మాత్రం కాదు.

అక్కడ నూనె బుడ్డి లేదు. చెల్లెలు తన రెండు చెంపల మీది ఆముదాన్ని అరచేతులతో తుడిచి నా మూతికి రాసింది. చాలక, మళ్ళీ మెడ మీది నుంచి, జడ మీది నుంచి తుడిచి రాసింది. మరిది మూట కింద పడేసి వచ్చాడు. ఇద్దరూ చెరొక రెక్క పట్టుకుని నన్ను రేవులోకి ఈడ్చుకుపోయారు. తీసుకుపోవడానికి వచ్చిన మనిషిని వాళ్ళే తీసుకుపోయారు.

నావ ఎక్కానో, ఎక్కించారో గుర్తు లేదు. మరిది నావను నీళ్ళలోకి తోసి, మూట, నా చాప కోసం వెనక్కి పరిగెత్తి, తెచ్చి మా వైపు విసిరాడు. పొగ మా కూడానే నీళ్ళ మీదికి వచ్చింది. నాయన గెడ వేస్తున్నాడు. ఎదురుగానే ఉన్నా సగం కనబడుతున్నాడు, సగం లేడు.

"బిళ్ళ" అని చేత్తో సైగ చేశాను. చెల్లెలికి అర్థమైంది. కొంగు చివర ముడి వెతికింది. ఆ కొంగే నేను కుండలో ముంచింది. ముడి విప్పితే కాగితం, బిళ్ళలు కలిసి ముద్దగా ఉన్నాయి. పైన సున్నం, లోపల తడి.

"ముడి పైదాన్ని తాకబాక. లోపలిది చీకు" అంది. గుడ్డను తిరగేసి, లోపలి ముద్ద ఉన్నచోట వేలితో గుంటచేసి నా నోట్లో పెట్టింది. చీకాను. చేదు, దాని వెనక మంట. ఏది మందో ఏది సున్నమో తెలియలేదు. ఏదైతేనేమని చీకుతూనే ఉన్నాను.

చాప ఒళ్ళోకి వచ్చింది. దాని మీదికి ఒరిగాను. వీపుకు వీపు వచ్చి ఆనుకుంది. రెండేళ్ళయింది ఆ వీపు నాకు తగిలి. ఎముకలు గుచ్చుకుంటున్నాయి, దాంట్లో కండ లేదు. అయినా గోడ గోడే.

ఊపిరి బయటికి పోతోంది. లోపలికి రావడం లేదు. కళ్ళ ముందు చీకటి చుక్కలు. ఎదురుగా నాయన ఉన్నాడు. ఆయన్ను పిలవాలనిపించింది. ఏం చెప్పడానికో తెలియదు. పిలవాలి, అంతే. నా కుడిచెయ్యి పైకి లేచింది.

వెనకనుంచి చెల్లెలి చెయ్యి వచ్చి ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టింది. పట్టుకుని కిందికి గుంజింది. "చెయ్యి దించు. అట్ట ఎత్తబాక అక్కా. అట్ట ఎత్తబాక."

అమ్మ పోయిన తెల్లవారుజామున అది మూలన పడుకుని నిద్రపోతోందని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. నిద్రపోలేదన్నమాట. ఆరేళ్ళ పిల్ల కళ్ళు తెరుచుకుని అంతా చూసిందన్నమాట. ఒక్కసారైనా నాకు చెప్పలేదు. ఇప్పుడు నా వేళ్ళ మధ్య వేళ్ళు దూర్చి, నా చేతిని పలక మీద అదిమిపెట్టి, నాకు వెనక వణికిపోతోంది. దాని గుండె కొట్టుకోవడం నా వీపుకు తెలుస్తోంది. గోడకు కూడా భయం వేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఎంతసేపు అట్లా పోయామో చెప్పలేను. ఒక చోట నాయన గెడ ఆపాడు. "వదిలింది" అన్నాడు. పొగ వెనక నిలిచిపోయింది. సముద్రపు గాలి మీదినుంచి దూకి, ఉప్పగా చల్లగా తగిలింది. మొదటి ఊపిరి ఈల వేసుకుంటూ లోపలికి పోయింది. రెండోది కూడా పోయింది. మూడోదానికి ఏడుపు వచ్చింది. ఏడిస్తే మళ్ళీ ఆయాసం వస్తుందని చెల్లెలు తిట్టింది. తిడుతూ అదీ ఏడ్చింది.

ఏడో నెలలోనే ఇల్లు చేరాం. నా మూతి కాలిన చోట పక్కు కట్టింది. నెల రోజులు కారం తినలేదు. నెలలు నిండాక చెల్లెలికి మా ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బిడ్డను తలకిందులుగా పట్టుకుంటే అది ఏడ్చిన ఏడుపు రేవుదాకా వినబడింది. అందరూ చెవులు మూసుకున్నారు. నేను చెవి ఆ పిల్ల రొమ్ముకు ఆనించి విన్నాను. ఈల లేదు. మరునాడు మళ్ళీ విన్నాను. నెలంతా పొద్దునా సాయంత్రం వింటూనే ఉన్నాను.

చెల్లెలి అత్త బిడ్డను చూడటానికి వచ్చింది. పందిరి కింద కూర్చుని విసనకర్ర ఆడిస్తూ, "మీ ఊరి చేపల కంపుకి నాకు ఊపిరాడటం లేదమ్మే, ఎట్టా బతకతా ఉండారో" అంది. పోయేటప్పుడు సంచిలోంచి ఒక ఆముదం బుడ్డి తీసి నా ముందు పెట్టింది. నా పెదవి చూసింది.

అయిదో నెలలో బిడ్డను, తల్లిని దిగబెట్టాలి. నేను పోలేదు. మూట కట్టాను, చాప కూడా చుట్టాను, రేవుదాకా నడిచాను. నావలో కాలు పెట్టబోయేసరికి రొమ్ములో ఈల మొదలైంది. అక్కడ పొగ లేదు, ముసురు లేదు. ఉత్త భయానికే మొదలైంది. చెల్లెలు నావలోంచి చూసి, "నువ్వు రాబాక. ఇంటికి పో" అంది. కోపంగా అనలేదు. అయినా ఆ మాట ఎన్నో రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. పొద్దు తిరిగాక గాలి మళ్ళే వేళకు ఒడ్డుకు వచ్చి నిలబడేదాన్ని. అవతలి మబ్బు లేచి మా వైపు వంగేది. దాని కింద ఆ పసిది ఏ మూల పడుకుని ఉందో, ఎంత కింద పడుకుని ఉందో అనుకుంటూ నిలబడేదాన్ని.

మూడేళ్ళ తర్వాత చెల్లెలికి మళ్ళీ నెలలు వచ్చాయి. ఈసారి ఏడో నెల మొదలైన రోజునుంచే నాకు అన్నం సయించలేదు. మలి కానుపుకు పుట్టింటికి తీసుకురావాలన్న కట్టడి లేదు. తీసుకురాకపోతే మాత్రం అది పొగలోనే కంటుంది. ఎవరు పోవాలి? నేను పోగలనా? కాంపౌండరు దగ్గరికి పోయి బిళ్ళలు తెచ్చి, ఈసారి డబ్బాలో పెట్టాను. మూట సర్దాను, విప్పాను, మళ్ళీ సర్దాను. రేపు పోదాం అని నాయనతో అనడం, రాత్రంతా కూర్చోవడం, తెల్లారి ఎల్లుండి అనడం. అట్లా వారం గడిచింది.

ఒక పొద్దున నీళ్ళకు పోయి వస్తుంటే రేవులో అవతలి పడవ ఒకటి ఆగి ఉంది. చెల్లెలు దిగుతోంది. దాని చెయ్యి పట్టుకుని దించుతోంది దాని అత్త. చంకలో పెద్దపిల్ల. ముగ్గురి మొహాలకూ ఆముదం నిగనిగలాడుతోంది. అంత పొద్దున్నే దిగారంటే చుక్కల వేళకే బయలుదేరి ఉండాలి.

"ఏందత్తా, కబురైనా చెయ్యకుండా? తీసుకురావడానికి మేము రావాల గదా" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది.

ఆమె పిల్లను నా చేతికిచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎందుకు? తల్లి వరస నేను గానా? వారం చూళ్ళా, వర్జ్యం చూళ్ళా. గాలి చూసుకోని వచ్చినాం" అంది.